గాజుల మందం

మొక్కజొన్న పట్టే మిషన్లో పడి చంద్రి అత్త కుడిచెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. మాది ఒకే తండా, కేసముద్రం పక్కన. నేను మానుకోటలో ప్లాస్టిక్ చేతులు తయారుచేసే చోట పనిచేస్తాను కాబట్టి ఆమెను నేనే తీసుకొచ్చాను.

మా దగ్గర చేతిని గీయరు, రాస్తారు. ఇంత పొడవు గొట్టం పెట్టు, దాంట్లోంచి ఇంత లావు గొట్టం తీసేయి అని కంప్యూటర్‌కు దాని భాషలో వరుసగా చెప్పాలి. దాన్నిబట్టి ప్రింటరు ప్లాస్టిక్‌ను పొరలు పొరలుగా పేర్చి చేతిని తయారుచేస్తుంది. ప్రతి కొలతకూ ఒక పేరుంటుంది. పేరు పక్కన అంకె మారిస్తే చెయ్యి మొత్తం దానంతటదే సర్దుకుంటుంది.

ఆ చెయ్యి నిలవాలంటే మోచేతి పైన పట్టీ బిగించాలి. అత్తకు అక్కడ పెళ్లినాటి గాజులున్నాయి. మొగుడు బతికుండగా మా లంబాడీ ఆడవాళ్లు జబ్బల మీది ఆ గాజులు తీయరు.

"తీసేసి రమ్మను పూజా," అన్నాడు అమర్ సార్. ఈ చేతిని రాసింది ఆయనే.

"మా ఇంటాయన మంచిగనే ఉన్నడు సారూ," అంది అత్త. "గాజులెట్ల తీస్త?"

"ఒక్కరి గాజుల కోసం డిజైన్ మార్చలేం. చెయ్యి కావాలో గాజులు కావాలో తేల్చుకోమను."

అత్త సంచి తీసుకొని లేచింది. "పోదాం పా బిడ్డా. ఒక్క చేత్తోనే చేసుకుంట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను కూర్చోబెట్టి ఫైలు తెరిచాను. మణికట్టు కొలతల్లో ఒక పేరు కనిపించింది: వాచీ గాడి. పట్నంలో ఎవరో పెద్దమనిషి వాచీ పెట్టుకుంటానంటే సార్ ప్లాస్టిక్ మణికట్టు చుట్టూ గాడి తీశాడు. లేని మణికట్టు మీద వాచీకి చోటుంది. ఉన్న చేతి మీద ఉన్న గాజులకు లేదు.

"గిదేంది సార్?"

"అది వేరే."

"ఏం వేరే? ఆయన అడిగితే డిజైనా, మా అత్త అడిగితే మొండితనమా?"

జవాబు కోసం నేను ఆగలేదు. పట్టీ కొలతల్లో 'గాజుల మందం' అని కొత్త పేరు చేర్చి అంకె వేశాను. పట్టీ మధ్యలో అంత ఖాళీ తెరుచుకుంది. బిగింపు గాజులకు పైనా కిందా పడింది.

"గాజులు లేనివాళ్లకో?" అన్నాడు సార్.

"సున్నా పెట్టండి. మీ పాత చెయ్యే వస్తది. ఎవ్వలకూ ఏం పోదు."

నా కోపం ఇప్పటికీ దాని మీదే. ఎవరికీ ఏమీ పోని దానికి ఆమెను చెయ్యి వదులుకునేదాకా తెచ్చారు.

కొత్త చెయ్యి తొడుక్కున్నాక అత్త ఆ ప్లాస్టిక్ వేళ్లతో మొదట ఎడమచేతి గాజులు సర్దుకుంది. సార్ ఫొటో కోసం ఫోన్ తీశాడు, పేపర్లకు పంపాలట.

"గాజులు కనబడేటట్టు తీయండి సార్," అన్నాను.