ముట్టని నీళ్లు

రెండో డ్రయ్యర్ తలుపు తెరవగానే ఎగదన్నిన వేడికి రొవీనా మొహం పక్కకు తిప్పుకుని, మోచేతుల దాకా లోపలికి పెట్టి దుప్పట్లు బయటికి లాగింది. పందొమ్మిదేళ్లుగా అదే పని. ముంజేతుల మీద నూగు ఎప్పుడో మాడిపోయి చర్మం నున్నగా మెరుస్తుంది. గోళ్ల చుట్టూ బ్లీచింగు నీళ్లకు తెల్లబడ్డ పగుళ్లు. యాభై రెండేళ్ల మనిషి, పొట్టిది, కుడి కాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది.

కెంటకీ కొండల్లో బొగ్గు గనులు మూతపడ్డ ఆ ఊరికి మిగిలిన పెద్ద పనిచోటు ఈ వృద్ధాశ్రమమే. తొంభై మంది ముసలివాళ్ల పక్కబట్టలు నేలమాళిగలోని ఈ గదికే వస్తాయి. కిటికీ లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ మే నెలలో ఆగిపోయింది. ఇది జులై.

ఈ గదిలో పనిచేసే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. గాలన్ పాల డబ్బా కడిగి, నీళ్లు పోసి, ఇంటికి వెళ్లేముందు వంటగది ఫ్రీజర్లో పెట్టిపోతారు. తెల్లవారుజామున వచ్చి, గడ్డకట్టిన డబ్బాను అల్మరా మీద పెట్టుకుని, కరిగినంత కరిగినంత తాగుతారు. డబ్బా అడుగు కనబడేసరికి షిఫ్టు అయిపోతుంది. రొవీనా డబ్బాకు తెల్ల టేపు అంటించి ఉంటుంది. దాని మీద ఆమె పేరు.

ఇవాళ ఆ డబ్బా అల్మరా మీద నిండుగా కూర్చుని చెమటలు కక్కుతోంది.

"ఏమే, దాని మొహం చూడవేం? అలిగావా?" అంది జెనీవా, తడి బట్టల బండి తోసుకొస్తూ. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు.

"ఇవాళ ఉపవాసం."

"మన బాప్టిస్టులకు ఉపవాసాలెక్కడివే! ఏ దేవుడికి?"

"కాలేజీ దేవుడికి."

జెనీవా నవ్వబోయి ఆగిపోయింది. "మళ్లీ ఆ చెంబులో పొయ్యడమేనా?"

"ఇవాళ మూడింటి లోపల."

రొవీనా నర్సు చదువులో చేరి ఏడాది దాటింది. సాయంత్రాలు క్లాసులు, ఆదివారాలు చదువు. ఇంకో నాలుగు నెలలైతే కింద బట్టలుతికిన ఈ ఆశ్రమంలోనే పైన తెల్లబూట్లు వేసుకుని తిరుగుతుంది. ఆ చదువులో ఉన్నవాళ్లందరూ మత్తుమందులు వాడటం లేదని రుజువు చేసుకోవాలి. రోజూ పొద్దున ఒక నంబరుకు ఫోన్ చేయాలి. అందులో తమ అంకె వినబడితే ఆరోజే వెళ్లి పరీక్షకు మూత్రం ఇవ్వాలి.

రెండు వారాల క్రితం ఆమె ఇచ్చింది. షిఫ్టు ముగించుకుని, గాలన్ నీళ్లు తాగిన ఒంటితో నేరుగా వెళ్లింది. మత్తుమందు ఏదీ దొరకలేదు. కానీ పలచగా ఉందన్నారు. పలచగా ఉంటే ఏదో దాచడానికి నీళ్లు తాగినట్టే లెక్కట. ఇంకొక్కసారి అవకాశం. మళ్లీ పలచనైతే పేరు కొట్టేస్తారు.

"నేను పనిచేసేది డ్రయ్యర్ల దగ్గర, మేడం. నీళ్లు తాగకపోతే ఎట్లా?" అని ఫోన్లో అడిగింది.

"నిన్ను నేను నమ్ముతాను రొవీనా. రూలు నమ్మదు," అంది పంతులమ్మ మిసెస్ ప్రాటర్. "ఆరోజు పొద్దుట్నుంచి నీళ్లు ముట్టుకోకు. అంతే."

సెలవు పెడదామంటే, ఉన్నవన్నీ ఆసుపత్రిలో నేర్చుకునే రోజులకే అయిపోయాయి. అందుకే తెల్లవారి నాలుగున్నరకు ఫోన్లో తన అంకె విన్నాక రక్తపోటు మాత్రను గుటకెడు నీళ్లతో మింగి పనికి వచ్చింది. ఒంట్లో నీళ్లు లాగేసే మాత్ర అది. మానకూడదని పుస్తకంలో ఉంది. మానలేదు.

ఆమె ఇంట్లో తలనొప్పి మాత్ర కూడా ఉండదు. భర్త లెస్టర్‌కు గనిలో నడుం విరిగితే, తెల్లకోటు వేసుకున్న డాక్టరు నెలనెలా సీసాల కొద్దీ నొప్పి మాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రలే నలభై ఒకటో ఏట అతన్ని తీసుకుపోయాయి. ఆ డాక్టరును చెంబు పట్టుకోమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. లెస్టర్ పెళ్లాం మాత్రం ఇప్పుడు రుజువు చూపించాలి.

తొమ్మిదింటికి ఉతికిన గౌన్లు పై గదుల్లో పంచడానికి వెళ్లింది. పన్నెండో గదిలో బర్ల్ అనే పాత గనికార్మికుడు రోజూ ఆమె కోసమే చెయ్యి చాపుకుని ఉంటాడు. నాడి చూడటం ఆయన చేతి మీదే నేర్చుకుంది.

"రా నర్సమ్మా. బతికున్నానో లేదో చూసి చెప్పు."

"నువ్వు పోతే నాకు ప్రాక్టీసు ఎవరి మీద, బర్ల్? డెబ్బై నాలుగు. గుర్రంలా ఉన్నావ్."

ఆయన నవ్వలేదు. ఆమె చేతిని తిప్పి పట్టుకున్నాడు. "నీ చెయ్యి కాలిపోతోంది. చెమటేదీ?"

"ఆరిపోయింది."

"గనిలో చెమట ఆగిన వాణ్ణి పని ఆపి బయటికి ఈడ్చుకొచ్చేవాళ్లం. వాడు తిట్టినా సరే."

"క్లాసు పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాకే సరిగ్గా వచ్చింది," అంది రొవీనా. "షిఫ్టు ఇంకో నాలుగు గంటలు, అంతే."

పదకొండింటికి దుప్పటి మడతపెడుతూ అంచులు కలపలేకపోయింది. రెండుసార్లు విప్పి మళ్లీ మడిచింది. జెనీవా డబ్బా మూత తీసి నోటి దగ్గర పెట్టింది.

"రెండు గుక్కలు తాగవే. రెండు గుక్కలకు పలచనైపోతుందా?"

రొవీనా డబ్బాను రెండు చేతుల మధ్య పట్టుకుంది. దాని చల్లదనానికి చెంప ఆనించి కాసేపు ఉండి, మూత పెట్టి, అల్మరా మీద పెట్టేసింది. "ఏడాది చదివానే," అంది.

పన్నెండున్నరకు జెనీవా మురికి బట్టల కోసం పైకి వెళ్లివచ్చేసరికి రొవీనా మడతపెట్టిన దుప్పట్ల దొంతరకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో సగం మడిచిన దుప్పటి. అలసి కునుకు తీస్తోందనుకుంది జెనీవా. మూడో డ్రయ్యర్ ఖాళీ చేశాక పిలిచింది. భుజం పట్టి కుదిపింది.

పైనుంచి నర్సులు మంచు తెచ్చారు. అంబులెన్సు కొండ అవతలి నుంచి రావాలి, నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా సూపర్‌వైజరు వంగి రొవీనా కనురెప్పలు ఎత్తి చూసి, జెనీవాను మొట్టమొదట అడిగింది: "ఏం మాత్రలు మింగింది?"

"నీళ్లు తాగలేదు," అంది జెనీవా.

"నేనడిగేది, మత్తుకేమైనా..."

"నీళ్లు తాగలేదంటున్నానా! వినబడదా మీకు! నీళ్లు!"

ఆ అరుపు పన్నెండో గది దాకా వినబడిందని బర్ల్ తరవాత చెప్పాడు. అంబులెన్సు మోత మోగించకుండానే కొండ దిగింది.

మూడింటికి పరీక్ష కేంద్రంలో ఆమె అంకె ఎదురుగా 'రాలేదు' అని రాసి తలుపులు మూశారు. రాకపోతే నిరాకరించినట్టే. నిరాకరిస్తే దోషం ఒప్పుకున్నట్టే. ఆ సంగతి తెలియజేస్తూ కాలేజీ నుంచి ఉత్తరం ఆమె ఇంటికి సోమవారం చేరింది. భూస్థాపన అయిన మర్నాడు.

ఆరోజు షిఫ్టు దాటాక కూడా జెనీవా ఇంటికి వెళ్లలేదు. మిగిలిన దుప్పట్లు మడిచింది. రొవీనా ఒళ్లోంచి తీసిన దాన్ని కూడా మడిచింది. తన డబ్బా కడిగి, నీళ్లు నింపి, ఫ్రీజర్లో పెట్టివచ్చింది. రెండో డబ్బాను అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అల్మరా మీద మంచంతా కరిగి, గొంతు దాకా నిండుగా, నాని ఒక మూల ఊడివచ్చిన టేపు మీద రొవీనా పేరుతో, ఆ డబ్బా అలాగే ఉంది.