మొదటి పేరు

"గంత పెద్ద యూనివర్సిటీ నడుపుతవట. రొట్టె మాత్రం గుండ్రంగ రాకపాయె," అంది రిబ్కమ్మ, కోడలు తడుతున్న జొన్నరొట్టె వంక చూస్తూ.

సలోమి రొట్టెను పెనం మీద వేసి పైన తడిచెయ్యి అద్దింది. వారమంతా యూనివర్సిటీ బంగళాలో ఉండి ఆదివారం అత్తగారింటికి వచ్చే ఆమె, చర్చి నుంచి వచ్చిన చీరతోనే పొయ్యి ముందు కూర్చుంది. ముందు గదిలో ఆమె భర్త యోసేపు, యూనివర్సిటీ రిజిస్ట్రార్ మాణిక్యప్ప మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆదివారం పూట రిజిస్ట్రార్ నారాయణఖేడ్ దాకా ఎందుకొచ్చాడో ఆమెకు తెలియదు. ఆమె వైస్ ఛాన్సలర్. ఆయన ఆమె కింద పనిచేసే మనిషి. అయినా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "సార్ ఉన్నరా మేడం?" అని అడిగాడు.

ఆమెకిది కొత్త కాదు. వీసీగా చేరి ఏడాది కావస్తున్నా, ఏ సభకు పోయినా పూలదండ ముందు యోసేపు మెడలోనే పడేది. మొట్టమొదటి సమావేశంలోనే ఒక పెద్ద ప్రొఫెసర్ "ఇంట్ల సార్‌ను అడిగి చెప్తరా మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే రోత.

సలోమి సిర్గాపూర్‌లో కూలి చేసుకునే స్తెఫను కూతురు. తండ్రి ఏడాదిలో సగం హైదరాబాదులో ఇటుకలు మోస్తుంటే, ఆమె మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. 2001లో పెళ్లయ్యేనాటికి భూగోళశాస్త్రంలో ఎమ్మే చేసి, పరిశోధన మొదలుపెట్టింది. యోసేపుదీ అదే ఎమ్మే, నారాయణఖేడ్‌లోనే లెక్చరర్. ఆయన పీహెచ్‌డీ మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. ఆమె వదల్లేదు. నాగల్‌గిద్ద దిక్కు కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఆడవాళ్లు దగ్గరి బావిని కాదని దూరపు బావికి ఎందుకు పోతారన్నది ఆమె వెతికిన ప్రశ్న. ఏ కులపు ఆడమనిషిని ఏ బావి గట్టు ఎక్కనివ్వరో, ఏ దారిలో ఎవరి అరుగు ముందు తల వంచుకొని నడవాలో, కొత్త కోడలు పుట్టింటిని తలచుకొని ఏడవడానికి ఏ బావి అనువో అడిగి తెలుసుకొని, ఊరికొక పటం గీసింది. గైడు చూసి, "ఇది జాగ్రఫీ కాదమ్మా, బిందెల ముచ్చట," అన్నాడు. యోసేపు పటం వంక చూడనైనా చూడలేదు. "ఎండల తిరిగి ఊరాడోళ్లతోని ముచ్చట పెట్టనీకె డాక్టరేట్ ఇస్తరా?" అన్నాడు. ఒక్కనాడు కూడా ఆమెతో ఆ ఊళ్లకు రాలేదు. పొద్దున్నే ఇంత వండిపెట్టి, అత్తకు మందులిచ్చి, ఒక్కతే బస్సెక్కేది. ఒక ఎండాకాలం కడుపులో బిడ్డ నిలవలేదు. దవాఖానలో మంచం పక్కన నిలబడి రిబ్కమ్మ అన్న మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు: "బావులన్ని తిరిగి తిరిగి, బిడ్డను బావిల ఏసొచ్చినవ్."

డాక్టరేట్ వచ్చాక ఆ పని 2007లో పుస్తకమైంది. అచ్చుకు పోయే ముందు యోసేపు అన్నాడు: "ఇద్దరి పేర్లు ఎయ్యి. నీది నాది ఏంది? లెక్చరర్‌ను నేనుండంగ నీ ఒక్కదాని పేరుంటే కాలేజీల నా ఇజ్జత్ ఏమైతది?" ఇంట్లో వారం రోజులు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆ మౌనాన్ని తట్టుకోలేక సరేనంది. పుస్తకం వచ్చాక చూస్తే అట్ట మీద మొదటి పేరు ఆయనది. ఆ పుస్తకమే ఆమెను రీడర్‌ను చేసింది, ప్రొఫెసర్‌ను చేసింది. వీసీ పదవికి పిలిచిన రోజు ఎంపిక కమిటీలో ఒక పెద్దాయన ముసిముసిగా నవ్వుతూ, "ఇందులో మీవారి పాలెంత?" అని అడిగాడు. నిజం చెబితే ఇంటి పరువు పోతుందనిపించింది. "సగం సగం" అంది. "అదృష్టవంతులమ్మా, అలాంటి భర్త దొరికాడు," అన్నారాయన. ఆ మాట రికార్డులోకి ఎక్కింది.

రొట్టెలు, కోడికూర పట్టుకొని ముందు గదిలోకి వెళ్లేసరికి మాణిక్యప్ప లేచి నిలబడ్డాడు.

"మీరేం పరేషాన్ కాకుండ్రి మేడం. సార్ కేసు కాబట్టి మీరు కమిటీల కూసోవద్దు, అదే రూల్. మిగిలింది మేం చూసుకుంటం. పుస్తకం ఉండనే ఉన్నది, మొదటి పేరు సార్‌దే."

"ఏం కేసు?" అంది సలోమి.

మాణిక్యప్ప యోసేపు వైపు చూశాడు. యోసేపు రొట్టె తుంచుతూ చెప్పాడు: "జలవనరుల కేంద్రం డైరెక్టర్ పోస్టుకు అప్లై చేసిన."

యూనివర్సిటీలో ఆ కేంద్రాన్ని పెట్టిననాటి నుంచి నడుపుతున్నది రోజ, సలోమి దగ్గర చదువుకున్న పిల్ల. పని ఆమెది, పదవి మాత్రం ఖాళీ. చంకలో బిడ్డనేసుకొని ఊరూరూ తిరుగుతుంది. ఈసారైనా ఆ కుర్చీ తనకొస్తుందని ఆశ పెట్టుకుంది.

"నాకు చెప్పలేదు," అంది సలోమి.

"చెప్పాల్నా? నువ్వు వీసీ అయితుంటే నేనేమన్న అడ్డమొచ్చిన్నా?"

"ఆ పుస్తకంల ఒక్క ఊరి పేరు చెప్పుండ్రి."

యోసేపు నవ్వాడు. "చూసిన్రా మాణిక్యప్పా, ఇంట్లనే ఇంటర్వ్యూ. ఊర్లు నువ్వు తిరిగినవ్ గావొచ్చు. దారి సూపించింది నేను."

వంటింటి గుమ్మంలోంచి రిబ్కమ్మ గొంతు వినిపించింది: "మొగోని బతుకుదెరువు కాడ నోరు లేపుతవా? వాడు ఊకొంటెనే గదా నువ్వు గడప దాటినవ్."

సలోమి గిన్నె కింద పెట్టింది.

"మాణిక్యప్పా, ఆ పుస్తకంల ఈయన రాసింది ఒక్కటే. ఈయన పేరు."

మాణిక్యప్ప మెల్లగా అన్నాడు: "మేడం, ఇది బయటికి పోతే, మీరు అప్పుడు సగం సగం అన్నది కూడ అబద్ధమైతది. ముందు మీ కుర్చీకే ఎసరు."

"ఎరుకనే. ఉన్నది ఉన్నట్టు రేపు నేనే రాసిస్త."

రాసిచ్చింది. విచారణ జరిగింది. భర్త పేరు ఎందుకు పెట్టనిచ్చారని, కమిటీ ముందు ఎందుకు అబద్ధమాడారని ఆమెనే తిప్పి తిప్పి అడిగారు. రాయని పుస్తకం మీద పేరెందుకు వేసుకున్నావని యోసేపును అడిగినవాళ్లు లేరు. ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకొని ఎప్పటిలాగే కాలేజీకి పోయాడు. చర్చిలో ఆయన భుజం తట్టి ఓదార్చారు. రోజ డైరెక్టర్ అయింది. మేడం మనిషి అంటారని భయపడిందేమో, కలవడానికి రాలేదు. సలోమికి అది అర్థమైంది. అయినా మనసు కలుక్కుమంది. 2024 మొదట్లో ఆమెను పదవి నుంచి తప్పుకోమన్నారు. తప్పుకొని మళ్లీ పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్ అయింది.

వీసీ బంగళా ఖాళీ చేసే రోజు యోసేపు వచ్చాడు. వరండాలో నిలబడి సామాన్ల వంక చూశాడు.

"నీ కుర్చీ పాయె, నా ఇజ్జత్ పాయె. కడుపు సల్లబడ్డదా?" అన్నాడు. ఆమె పుస్తకాల పెట్టెకు తాడు బిగిస్తుంటే గొంతు తగ్గించాడు. "అయ్యిందేదో అయ్యింది. అమ్మ ఏమనదులే, నేను చెప్పిన. ఇగ ఇంటికి నడువు."

"ఏ ఇంటికి?" అంది సలోమి.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.