సగం వేగం

"కాలర్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి ఇస్త్రీ చెయ్యి," అన్నాడు మా ఆయన. అదే గొంతుతో, "అన్నట్టు, ఇవాళ మీటింగులో బోర్డుని సగం వేగంలోనే నడుపు," అన్నాడు.

మాదొకే ఆఫీసు. ఆయన చిప్పు డిజైన్ చేస్తాడు. చిప్పు తయారయ్యాక దిద్దడానికి ఉండదు గనక, ముందే ఆ డిజైన్‌ని ప్రోగ్రామబుల్ చిప్పున్న బోర్డులోకి ఎక్కించి నడిపి చూడటం నా పని. వేగం పెంచితే అలారం మోగించే భాగం బిగుసుకుపోయి పనిచెయ్యడం లేదు. ఆ భాగం ఆయనదే. వేగం తగ్గిస్తే బుద్ధిగా నడుస్తుంది. ఈ బోర్డులు ఎలాగూ పూర్తి వేగంలో నడిచే అసలు చిప్పుకంటే నెమ్మదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

"అది ఊపిరి అందించే యంత్రంలో పెట్టే చిప్పండీ. గాలి ఆగితే నర్సుకి తెలియొద్దూ?"

"అబ్బా, మళ్లీ మొదలెట్టావా! ప్రమోషన్ ముందు నా పరువు తీయకు."

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "మొగుడి తప్పులు వెతకడానికేనా తల్లీ నీ చదువు? కాస్త సర్దుకుపోవాలి."

సర్దుకుపోవడం నాకు కొత్తా? ఆయనకంటే నాకు మార్కులెక్కువని పెళ్లి మాటలప్పుడు మావాళ్లే దాచారు. పాపకి జ్వరమొస్తే సెలవు నాది, చుట్టాలొస్తే సెలవు నాది, ఆఫీసులో "ఈవిడకి శ్రద్ధ లేదు" అన్న మాటా నాదే. ఏడుపొస్తే కుళాయి తిప్పుకుని ఏడవడం కూడా నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ మునిగింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఎవరి ప్రాణమో పోతుంది.

మీటింగులో అందరి ముందూ వేగం పెంచాను. గాలి ఆగినట్టు సంకేతం పంపాను. అలారం మోగలేదు.

"డిజైన్‌లోనే తప్పుంది సార్," అన్నాను.

మేనేజరు నావైపు చూడనైనా లేదు. మా ఆయన్ని అడిగాడు, "ఏమంటారు?"

"బోర్డులో ఏదో వైరు వదులై ఉంటుంది సార్. ఈవిడకి అన్నీ అనుమానాలే. ఇంట్లో స్టవ్ ఆర్పినా పదిసార్లు చూసుకుంటుంది."

అందరూ నవ్వారు. "బోర్డు మార్చి కూడా చూశాను సార్," అన్న నా మాట ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు.

సాయంత్రానికి నన్ను ఆ పనినుంచి తప్పించారు. నా కుర్చీలో కూర్చున్నతను సగం వేగంలో నడిపి పాసన్నాడు. డిజైన్ తయారీకి వెళ్లిపోయింది. కారులో మా ఆయన ఎంతో దయగా, "పోనీలే, ఇక ప్రశాంతంగా ఉండొచ్చు," అన్నాడు.

ఎక్కడో ఒకరోజు ఎవరికో ఊపిరాగుతుంది. అలారం మోగదు. అప్పుడు కూడా అందరూ ఒకటే అడుగుతారు, ఆ నర్సు ఏం చేస్తోందని.