ప్రశ్న తలెత్తదు

శాసనసభ భవనం కింది అంతస్తులో, ఎడమచేతి వైపు మూడో గది ప్రశ్నల శాఖ. పొద్దున్నే తాళం తీయగానే అక్కడ జరిగే మొదటి పని రాళ్ళు పెట్టడం. సభ్యులు రాసి అడిగిన ప్రశ్న, ప్రభుత్వం రాసి ఇచ్చిన జవాబు ఒకే కాగితం మీద ఉంటాయి కదా, ఆ జవాబులో అబద్ధం ఉంటే కాగితం తలెత్తుతుంది. పై అంచు మెల్లగా బల్ల మీంచి లేచి, నిటారుగా నిలబడి, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ ఉంటుంది. ముసలి అటెండరు వాటి నెత్తిన ఒక్కో రాయి పెట్టుకుంటూ పోతాడు. చిన్న అబద్ధానికి గులకరాయి, నడిమిరకానికి ఇటుక. ఒక ఏడాది నీటిపారుదల వాళ్ళ జవాబుకి తిరగలి రాయి తెప్పించారు. కాగితం తిరగలితో సహా లేచింది. అప్పుడు అటెండరునే దానిమీద కూర్చోబెట్టారు. ఆయన ఆ పూట భోజనం కూడా ఆ ఎత్తునే చేశాడు.

దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. వానలకి తలుపులు బిగుసుకుంటాయి, అబద్ధానికి కాగితం లేస్తుంది. అంతే.

మంత్రులకి మాత్రం ప్రాణసంకటం. గడువు రోజున జవాబు కాగితాలన్నీ సభలో పొడుగాటి బల్లమీద పరుస్తారు. అక్కడ రాళ్ళు పెట్టకూడదని రూలు. లేచిన కాగితం పైన పత్రికలవాళ్ళ గ్యాలరీ దాకా కనబడుతుంది. అందుకే ఆరోగ్యశాఖ మంత్రులు పదకొండుమంది మారినా, జవాబులు రాసే అధికారి మాత్రం మారలేదు. ఆయన్ని అందరూ ఇస్త్రీగారు అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు, పద్దెనిమిది వేల జవాబులు, ఒక్క కాగితానికి ముడత లేదు, మడత లేదు, ఒక్కటీ తలెత్తలేదు.

అబద్ధం రాయకపోవడమే ఆయన విద్య. నిజం చెప్పడం అందులో భాగం కాదు. రోడ్ల శాఖలో ఉన్న తొలిరోజుల్లో, "ఫలానా ఊరి రోడ్డులో గుంటలు పడిన మాట నిజమేనా?" అని ప్రశ్న వచ్చింది. "లేదండీ" అని రాశాడు. కాగితం చాపలా పడుకుంది. ఎందుకంటే ఆ ఊరికి రోడ్డే లేదు. ఇంకోసారి, "ఆసుపత్రి వార్డులో కుక్కలు తిరుగుతున్న మాట నిజమేనా?" అంటే, మనిషిని పంపి చూపించాడు. కుక్కలు పడుకుని ఉన్నాయి. "లేదండీ." 'అయితే ఎందుకు, ఎప్పుడు' అనే ఆ తర్వాతి ముక్కలన్నిటికీ కలిపి ఒకే జవాబు: "ప్రశ్న తలెత్తదు." ఆ రెండు మాటలు ఆయన చేతిరాతలో చూడటానికి పక్క శాఖల గుమాస్తాలు క్యూ కట్టేవాళ్ళంటే ఆలోచించండి.

అలాంటి ఇస్త్రీగారి మీదకి వచ్చిపడింది ఒక దర్జీ.

ఆవిడ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచిన కొత్త సభ్యురాలు. అంతకుముందు ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది. మనిషి గుమ్మంలోకి రాగానే చూపుతోనే ఛాతీ కొలత చెప్పేసేది, అదీ టేపు వేసినదానికి వెంట్రుకంత తేడా లేకుండా. ఆవిడ తమ్ముడు బస్సు కండక్టరు. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ కోసం నాలుగు గంటలు ప్రయాణం చేసి పెద్ద నగరానికి వెళ్ళొస్తున్నాడు. జిల్లా ఆసుపత్రికి పద్నాలుగు నెలల కిందటే డయాలిసిస్ మిషను వచ్చింది గానీ ఆ గదికి ఎప్పుడూ తాళమే. డాక్టరు మొన్ననే చెప్పేశాడు: "ఈ తిరుగుడు ఇంక ఒంటికి పడదు. నెల దాటితే నా చేతుల్లో లేదు."

ఆవిడ తన మొట్టమొదటి ప్రశ్న రాసిచ్చింది. "జిల్లా ఆసుపత్రిలో డయాలిసిస్ మిషను పనిచేయడం ఆగిపోయిన మాట నిజమేనా? అయితే కారణమేమిటి? ఎప్పటికి బాగుచేయిస్తారు?"

వారానికి జవాబు వచ్చింది. "లేదండీ. ప్రశ్న తలెత్తదు. ప్రశ్న తలెత్తదు."

సభలో బల్ల దగ్గర గంటసేపు నిలబడి చూసింది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అనుకుంది. చుట్టూ సగం కాగితాలు లేచి నిలబడ్డాయి. ఆవిడది మాత్రం చక్కగా నిద్రపోతోంది. మంత్రి అటుగా వెళ్తూ దాన్ని బుజ్జగించినట్టు తట్టి, "చూశారుగా చెల్లెమ్మా, పచ్చినిజం" అని నవ్వాడు.

ఆ సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే అడిగింది. "ఒరేయ్, ఆ మిషను నువ్వు కళ్ళారా చూశావా, లేక ఎవరో చెప్పగా విన్నావా?"

"కిటికీలోంచి చూశానక్కా. కొత్త పెళ్ళికూతురిలా ముసుగేసుకుని కూర్చుంది. పైన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు."

"మరి ఆగిపోలేదని రాశారేంట్రా? ఆ కాగితం లేవనైనా లేవలేదు."

తమ్ముడు పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది. మరదలు వచ్చి వీపు రాస్తుంటే అన్నాడు: "డిపోలోంచి కదలని బస్సు ఎక్కడన్నా ఆగుతుందా అక్కా? ఆగాలంటే ముందు నడవాలి కదా!"

"నవ్వకండి, ఆవిడ ఏడుస్తోంది" అంది మరదలు.

"ఏడవట్లేదు" అంది దర్జీ. "నడుము కొలత తీయాల్సిన చోట చెయ్యి కొలత తీశాను. గుడ్డ పాడైంది."

మర్నాడు బుధవారం. సభ పై వారం గురువారంతో ముగుస్తుంది. ఆ తర్వాత ఆరు నెలల దాకా సమావేశాలు లేవు. జవాబుకి ప్రభుత్వానికి వారం గడువు. అంటే ప్రశ్న ఆ సాయంత్రం అయిదు లోపల పడాలి. దర్జీ పదింటికే ప్రశ్నల శాఖలో సూపరింటెండెంటు ముందు కూర్చుంది. ఆ సూపరింటెండెంటుని మంత్రుల దగ్గర్నుంచి అటెండరు దాకా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు.

"పెద్దమ్మా, అదే ప్రశ్న మళ్ళీ అడగొచ్చా?"

"అదే ప్రశ్న కుదరదమ్మా. వేరే ప్రశ్న అడుగు." పెద్దమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "నీ కాగితం చూశాను. 'నిజమేనా' అని అడిగావు. ఆ మాట వాళ్ళకి దొడ్డితలుపు. లేదండీ అంటారు, అటునుంచి అటే పోతారు. నలభై ఏళ్ళుగా అందరూ ఆ మాటతోనే అడుగుతున్నారు."

"ఎందుకూ?"

"ముందు అడిగినవాళ్ళు అలా అడిగారని."

దర్జీ కాగితం తీసింది. ఆ రోజు ఆవిడ చేసిన పని ఎంత చెప్పినా తక్కువే. నూట డెబ్భై కాగితాలు చించింది. ప్రతి మాటనీ పట్టి లాగి చూసింది. ఎక్కడ వదులుందో అక్కడ కుట్టింది, ఎక్కడ సందుందో అక్కడ మూసింది. 'ఆగిపోయిన' తీసేసింది. 'బాగుచేయడం' తీసేసింది. 'నిజమేనా' ని కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. అయిదుకి నాలుగు నిమిషాలుందనగా పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఆ మిషను వచ్చిన రోజు నుంచి జవాబు ఇచ్చే రోజు వరకు ఎంతమంది రోగులకు, ఏయే తేదీల్లో పనిచేసింది? పనిచేయని రోజుల్లో ఎందుకు పనిచేయలేదు?"

పెద్దమ్మ రెండుసార్లు చదివి ముద్ర కొట్టింది. ఆ దెబ్బకి బల్లమీద రాళ్ళన్నీ ఎగిరిపడ్డాయి.

శుక్రవారం పొద్దున కాగితం ఇస్త్రీగారి దగ్గరికి చేరింది. టీ తాగుతూ చదివాడు. కప్పు దించాడు. మళ్ళీ చదివాడు. లేదండీ అనడానికి చోటెక్కడా లేదు. సరే, ఇలాంటివాటికీ మందుంది అనుకుని, "వివరాలు సేకరిస్తున్నాము" అని రాశాడు.

కాగితం తలెత్తింది.

గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. పక్క బల్ల గుమాస్తా లేచి నిలబడ్డాడు. "సార్... మీ కాగితం..."

"కనబడుతోందయ్యా!"

సేకరించడం లేదు కాబట్టి లేచింది. అయితే సేకరిస్తే పోలా! వెంటనే జిల్లా ఆసుపత్రికి ఫోను చేశాడు. ఫోను మోగుతుండగానే కాగితం నడుం వాల్చడం మొదలుపెట్టింది. ఇస్త్రీగారు మీసం దువ్వుకున్నాడు. అటు పెద్దనర్సు ఎత్తింది.

"డయాలిసిస్ మిషను ఎంతమందికి వాడారమ్మా?"

"సున్నా సార్."

"అంత తొందరేం లేదు. నిదానంగా చూసి చెప్పండి."

"చూడటానికేముంది సార్? సున్నాయే. నీళ్ళ లైను ఉంది, కరెంటుంది, మంచాలున్నాయి. నడిపే టెక్నీషియన్ లేడు. వేయండి మహాప్రభో అని పదకొండుసార్లు రాశాం. మీకు అందలేదా?"

ఇస్త్రీగారు ఫోను పెట్టేశాడు. అర నిమిషంలో వివరాలన్నీ వచ్చేశాయి. ఇంక సేకరించడానికి ఏమీ లేదు. కాగితం మళ్ళీ లేచి, ఈసారి ఆయన ముక్కుకి ఎదురుగా నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఏ కాగితం కళ్ళలోకీ చూడలేదు. రాసింది కొట్టేసి, "సున్నా. టెక్నీషియన్‌ను నియమించనందున" అని రాశాడు. కాగితం హాయిగా వెల్లకిలా పడుకుంది.

మంత్రి చదివి కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమండీ ఇస్త్రీగారూ, ముడత పడనివ్వనన్నారే!"

"ఇప్పుడూ పడలేదు సార్. ఇలా రాస్తే కదలకుండా పడుకుంటోంది."

"అది పడుకోవడం కాదండీ, నన్ను పడుకోబెట్టేస్తుంది! పద్నాలుగు నెలలకి సున్నా అని ఎలా పరుస్తానయ్యా బల్లమీద? మార్చి రాయండి."

"మార్చితే లేస్తోంది సార్."

మంత్రి కిటికీ దాకా వెళ్ళొచ్చాడు. "జవాబు ఎప్పుడివ్వాలి?"

"బుధవారం పదకొండింటికి. జవాబు ఇచ్చే రోజు వరకు లెక్క చెప్పమంది ఆవిడ."

"అంటే బుధవారం లోపల ఆ సున్నా మారితే..."

"మారిన అంకె రాయొచ్చు సార్. ఒక్క సంతకం కావాలి."

"ఎవరిది?"

"తమరిదే. నియామకం ఫైలు మీ బీరువాలో ఉంది."

"మరి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?"

ఇస్త్రీగారు ఫైలు తీసి బల్లమీద పెట్టాడు. "ఎవరూ ఇలా అడగలేదు సార్."

సోమవారం పొద్దున టెక్నీషియన్ పెట్టె చేత్తో పట్టుకుని జిల్లా ఆసుపత్రి దగ్గర బస్సు దిగాడు. తాళం తీశారు, ముసుగు తీశారు, నీళ్ళు వదిలి రోజంతా పరీక్షించారు. మంగళవారం తెల్లారేసరికి మొదటి మంచంమీద కండక్టరు చెయ్యి చాపి పడుకుని ఉన్నాడు.

బుధవారం పదింటికి ఇస్త్రీగారు కలం మూత తీసి, మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి కాగితం తలెత్తకముందే. "ఎంతమంది అమ్మా?"

"ఒకరు సార్. నాలుగు గంటలు, ఎక్కడా ఆగలేదు. మంచం దిగుతూ 'దిగేవాళ్ళు ముందుకి రండి' అని కేకేశాడు సార్, వార్డంతా అదిరిపోయింది. ఇవాళ ఇంకో ముగ్గురు వస్తున్నారు."

"ఇవాళ్టివి పూర్తయ్యాక చెప్పండి" అని, ఇస్త్రీగారు తనకి అలవాటులేని మాటలు గుండ్రంగా రాశాడు: "ఒకరికి. నిన్నటి తేదీన. అంతకుముందు టెక్నీషియన్‌ను నియమించనందున పనిచేయలేదు."

పదకొండింటికి కాగితం బల్లమీద పడింది. ప్రతిపక్షం వాళ్ళు పెద్దగా చదివారు. "పద్నాలుగు నెలలకి ఒకరా! ఒక్కరేనా!" సభ మొత్తం విరగబడి నవ్వింది. ఆ నవ్వుకి మూడు ఫ్యాన్లు వాటంతటవే తిరిగాయి. మంత్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాతి సమావేశాల నుంచి ఒక్క సభ్యుడూ తన ప్రశ్నలో 'నిజమేనా' అని రాయలేదు.

దర్జీ నవ్వలేదు. వంగి, కాగితం మీద ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు అటూ ఇటూ నిమిరింది. కాగితం కదల్లేదు.

'ఒకరికి' అంటే ఎవరికో ఆ సభలో ఆవిడకి మాత్రమే తెలుసు. అదే వేళకి ఆ ఒకరు ఇంట్లో యూనిఫాం చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ, మధ్యాహ్నం బస్సుకి డ్యూటీకి వెళ్తానని భార్యతో దెబ్బలాడుతున్నాడు.