నాన్న లాప్‌టాప్‌లో రెండు వాటాలు

మా బావ ఒపొకు చేసిన పనికి వాడి రెండు చేతులూ విరిచినా పాపం లేదని ఆ పొద్దున్న అనుకున్నాను. ఇవాళ్టికీ ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు.

శనివారం నాన్న అంత్యక్రియలు. మా ఊరు కుమాసీలో పెద్దమనిషి ఎవరైనా పోతే ముందు పుస్తకం అచ్చు కావాలి. అట్ట మీద ఆయన ఫొటో, లోపల ఒక పేజీలో భార్య మాట, దానికి ఎదురు పేజీలో ఆయన తోడబుట్టిన వాళ్ళ మాట. రెండింటినీ జనం ముందు చదువుతారు కూడా. మాలో మగవాడి పెద్దరికం, ఇల్లు, అన్నీ మేనల్లుడికి పోతాయి. కన్నపిల్లలం మేము అమ్మ వైపు లెక్క. కాబట్టి నాన్న కుర్చీ ఇప్పుడు మేనత్త కొడుకు ఒపొకుది. ఆచారం ప్రకారం నేను వాణ్ణి ఇక మీద నాన్నా అని పిలవాలట. నా నోరు పడిపోయాక పిలుస్తాను.

ఆ రెండు పేజీల దగ్గరే గొడవంతా. అచ్చయ్యే దాకా ఒకరి రాత ఇంకొకరి కంట పడకూడదు. అవతలివాళ్ళు ఏం పొడిచారో ముందే తెలిస్తే ఇవతలివాళ్ళు జవాబు రాసి పెట్టుకుంటారని భయం. కానీ ఇంట్లో ఉన్నది నాన్న లాప్‌టాప్ ఒక్కటే. నేను అమ్మ మాట అందులోనే టైపు చేశాను, ఒపొకు వాళ్ళ మాట అందులోనే టైపు చేశాడు. బుధవారం వాళ్ళమ్మ, మా మేనత్త నానా బిరాగో, గుమ్మంలోంచే అందుకుంది.

“ఆ మనిషి మా రాత చదివేసి కూతురి చేత జవాబు రాయిస్తోంది. నాకు తెలీదనుకుంటున్నారా?”

“అత్తా, అమ్మకి చదవడమే రాదు,” అన్నాను.

“నీకొచ్చుగా.”

దానికి మా బావ కనిపెట్టిన ఉపాయం, డిస్కును రెండు భాగాలు చేయడం. సగం మీది, సగం మాది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది అన్నాడు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కట్టుకోవడం చూశాను గానీ, లాప్‌టాప్‌లో గోడ కట్టడం వాడి దగ్గరే చూశాను. ఆ సాయంత్రం తలుపేసుకుని పని కానిచ్చాడు. మర్నాడు పొద్దున బటన్ నొక్కితే నల్లటి తెర, దాని మీద ఒక తెల్లటి వాక్యం. మొదలుపెట్టడానికి డిస్కులో ఏమీ లేదట.

“మరి నీ రాత?” అని అడిగాను.

“మా అమ్మకి ఫోన్‌లో పంపానుగా. అందులో ఉంది.”

“నాది?”

వాడు గడ్డం గోక్కున్నాడు.

నా దగ్గర ఇంకో కాపీ లేదు. అమ్మ ఆ మాట ఒక్కసారే చెప్పింది. చాప మీద కూచుని, గోడ వైపు చూస్తూ, ఆపకుండా చెప్పుకుపోయింది. తప్పుల్లేకుండా కొట్టాలన్న ధ్యాసలో సగం మాటలు నా తలకెక్కనే లేదు. రెండోసారి చెప్పమంటే అమ్మకి ఏడుపు తప్ప మాట రాలేదు. సాయంత్రం లోపల ఇవ్వకపోతే ఆ పేజీ ఖాళీగా వదిలి అచ్చు వేస్తానని ప్రెస్సు ఆయన తెగేసి చెప్పాడు. అంటే వాళ్ళ పేజీ నిండుగా, దానికెదురుగా మాది తెల్లగా. మా అమ్మ ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో జీతానికి వంట చేసిందన్నట్టు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోయింది.

బఫోర్ రిపేరు కొట్టుకి ఇద్దరం కలిసే పోయాం. ఒక్కళ్ళను పంపేంత నమ్మకం రెండు వైపులా లేదు. పైగా లాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికి పోతే లోపలి సరుకు మారిపోతుందని భయం. అందుకే మా ఊళ్ళో ఎవరైనా రిపేరు అయ్యేదాకా బల్ల ముందే కూచుంటారు. బఫోర్ అది పట్టించుకోడు. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, దాంతో మెషిన్‌ని లేపి, డిస్కు పటం తెర మీద చూశాడు.

“ఎవరయ్యా చేసింది ఇది?”

“నేనే. పాతవి తీసేసి కొత్తగా రెండు చేశాను,” అన్నాడు ఒపొకు.

“ఇక్కడొక చిన్న ముక్క ఉండాలే. పేరూ ఊరూ ఉండదు దానికి. మెషిన్ లేవాలంటే ముందు అదే కావాలి.”

“అదా. అటూ ఇటూ ఎవరి లెక్కలోకీ రాదని తీసేశా.”

“నీకు లెక్కలోకి రాకపోతే తీసెయ్యడమేనా? ఒళ్ళు దగ్గర పెట్టుకోనక్కర్లా?”

“కావాలనే చేశాడు,” అన్నాను నేను. “తన రాత ఫోన్‌లో దాచుకుని మాది గంగలో కలిపాడు.”

“కావాలని చేసేవాణ్ణయితే నీతో ఇక్కడికెందుకొస్తానే?”

“నేను ఏడుస్తుంటే చూడ్డానికి.”

“మీరు బయట కొట్టుకుంటారా, నన్ను పని చేసుకోనిస్తారా?” అన్నాడు బఫోర్.

చెరో సగంలోంచీ కొంచెం చోటు తీసి, ఆ చిన్న ముక్కను మళ్ళీ కట్టాడు. మెషిన్ లేచింది. తెర మీద వెలుగు కనిపించగానే నా ప్రాణం కూడా లేచొచ్చింది. కానీ రెండు సగాలూ ఖాళీ. పాత రాతలు అడుగున ఇంకా ఉంటాయి, తవ్వి తీస్తానన్నాడు బఫోర్. ఒపొకు వెళ్ళి కెంకె అనే మొక్కజొన్న ముద్ద, వేయించిన చేప తెచ్చాడు. నా ముందు పెడితే ముట్టుకోలేదు. ఆకలితో కడుపు కాలుతున్నా వాడి చేతి తిండి తినాలనిపించలేదు.

చివరికి బఫోర్ కుర్చీ వెనక్కి జరిపాడు. “దొరికాయి. కాకపోతే పేర్లన్నీ పోయాయి. ఏది ఎవరిదో తెలీదు. ఒక్కొక్కటీ తెరిచి చదువుకోవాల్సిందే.”

ఒపొకు చటుక్కున లేచాడు. “నేను తెరుస్తా. అఫ్రియె, నువ్వు కాసేపు బయట కూచో.”

“నువ్వు ముట్టుకున్నది చాల్లే బావా. బఫోర్ తెరుస్తాడు, ఇద్దరం చూస్తాం.”

ముందు వచ్చినవి నాన్నవి. పక్కింటి మేక గురించి పక్కింటాయనకి రాసిన ఫిర్యాదు ఒకటి తెరుచుకుంది. ఆ వెనకే అదే ఫిర్యాదు ఇంకా ఘాటుగా, తర్వాత ఇంకా ఘాటుగా. ఏదీ పంపిన జాడ లేదు. నాకు నవ్వొచ్చింది, వాడికీ వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని వెంటనే ఆపేశాం.

తర్వాత తెరుచుకుంది ఒపొకు రాత.

‘మామయ్యకి బడీ చర్చీ తప్ప వేరే లోకం లేదు. నన్ను పెంచింది డుఫియె అత్తయ్య. నాకు జ్వరమొస్తే వీపున కట్టుకుని ఆస్పత్రికి నడిచింది. తను తినకుండా నాకు పెట్టింది. ఆమె లేకపోతే నేను లేను.’

డుఫియె మా అమ్మ. నేను రెండుసార్లు చదివాను.

“అది మూసెయ్, బఫోర్,” అన్నాడు ఒపొకు.

“ఉంచు. తర్వాతది కూడా తెరువు,” అన్నాను నేను.

తర్వాతదీ వాడిదే, వాళ్ళమ్మకి పంపింది. మొదలూ చివరా అవే వాక్యాలు. మధ్యలో అత్తయ్య లేదు, జ్వరం లేదు, వీపు లేదు. ఆ చోట ‘ఆయన ఇంటి బాగోగులన్నీ తోడబుట్టిన వాళ్ళే చూసుకున్నారు’ అని ఉంది. అమ్మ చేసిందంతా వాడు మర్చిపోయాడేమోనని ఒక మూల అనుకునేదాన్ని. మర్చిపోలేదు. అంతా గుర్తుంది, అంతా రాశాడు, రాసి కొట్టేశాడు. ఆ క్షణం నాకు వాడి మీద వచ్చినంత అసహ్యం ఎవరి మీదా రాలేదు.

“అమ్మ తీసెయ్యమంది,” అన్నాడు నేల చూస్తూ.

“మీ అమ్మ నోటితో అంది. వేళ్ళు నీవేగా. సిగ్గు లేదూ?”

“నీకేం తెలుసు నా బాధ? ఆ కుర్చీలో ఎల్లుండి కూచోవాల్సింది నేను. మా అమ్మ వైపు పెద్దలు అవునంటేనే కూచోగలను.”

“కూచో. మా అమ్మ వీపు దిగి కుర్చీ ఎక్కావు, హాయిగా కూచో.”

బఫోర్ దగ్గి ఇంకోటి తెరిచాడు. అమ్మది. మొదటి మాటకే గుర్తుపట్టాను. అక్షరం పోకుండా అంతా ఉంది. నేను చదువుతూ కిందికి వస్తుంటే వాడూ నా భుజం మీంచి చదువుతున్నాడు.

‘నేను నలుగురు పిల్లల్ని పెంచాను. కన్నది ముగ్గుర్ని. పెద్దవాడు చేతిలో చిన్న మూటతో వచ్చాడు. ఆయన కన్ను మూసినప్పుడు నలుగురూ మంచం దగ్గరే ఉన్నారు. ఆడదానికి ఇంకేం కావాలి.’

ఒపొకు మెల్లిగా అన్నాడు. “అది తీసి ముగ్గురు అని పెట్టు.”

“ఏమన్నావు?”

“ఎదురు పేజీలో ఆమె ఊసే లేదు. ఈ పేజీలో నేనుంటే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తారు. ఒక్క మాట, అఫ్రియె. అత్తయ్యకి చదవడం రాదు, వింటున్నప్పుడు ఆ ఒక్క మాట పట్టించుకోదు కూడా. బతిమాలుతున్నా.”

నేను లాప్‌టాప్ వాడి వైపు తోశాను. “నువ్వే తీసెయ్. కొట్టేయడం నీకు అలవాటేగా.”

వాడు దగ్గరికి జరిగి ఆ మాట పక్కన గీత నిలిపాడు, మీట మీద వేలు పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. తీస్తాడనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే తియ్యాలనే కోరుకున్నాను, జీవితాంతం తిట్టుకోవడానికి ఒక కారణం దొరుకుతుందని. వేలు దిగలేదు.

“ప్రెస్సు మూసేస్తారు,” అన్నాడు బఫోర్.

ఒపొకు చెయ్యి తీసేశాడు. “అలాగే పంపు.”

“మరి నీ పేజీ?”

“అమ్మ ఒప్పుకున్నదే.”

పిరికి గొడ్డు అని మొహానే అన్నాను. వాడు తల తిప్పుకున్నాడు.

శనివారం సంతాపపు ఎర్ర బట్టలూ నల్ల బట్టలూ షామియానాల కింద కిటకిటలాడాయి. వాళ్ళ పేజీ వాళ్ళు చదువుకున్నారు, చప్పట్లు పడ్డాయి. తర్వాత అమ్మ పేజీ నేను అందుకున్నాను. నలుగురు పిల్లల్ని పెంచాను అన్న దగ్గరికి రాగానే బిరాగో అత్త ముందు వరసలోంచి అందరికీ వినపడేలా అంది. “నలుగురా? ఆ నాలుగోవాణ్ణి ఎక్కడ కన్నదో.”

కొందరు నవ్వారు. అమ్మ తల వంచుకుంది. నాన్న కుర్చీలోంచి ఒపొకు లేచి నిలబడ్డాడు.

“నేనేనమ్మా ఆ నాలుగోవాణ్ణి.”

జనం నవ్వు ఆగిపోయింది. “కూచో,” అంది బిరాగో అత్త. వాడు వినలేదు. “నిన్నేరా. కూచోమంటున్నా.” పెదతాతలు కూడా చేత్తో సైగ చేశారు. వాడు అలాగే నిలబడి ఉన్నాడు, చెమటలు కారుతున్నాయి. నేను మిగతాది చివరి దాకా చదివాను.

అప్పుడు అమ్మ తలెత్తి వాడి వైపు చూసింది. “ఇంక కూచో నాయనా. కాళ్ళు లాగుతాయి,” అంది.

వాడు కూచున్నాడు.