రెండో ట్రాక్

పది గంటలకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అతను హెడ్‌సెట్ తగిలించుకుని, మైకు కాడను నుదుటి మీదికి మడిచి, తెర మీద రెండు గళ్ళు చూసుకున్నాడు. బొమ్మ: టిక్కు ఉంది. కంప్యూటర్ శబ్దం: టిక్కు ఉంది. పది సెకన్లు రికార్డు చేసి, వెనక్కి తిప్పి విని, చెరిపేశాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ ఇదే. ఒకే ఒక్కసారి, చేరిన మొదటి నెలలో, శబ్దం గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయాడు. కాలు పోయిన మనిషి రెండు గంటలు చెప్పుకున్నదంతా మూగబొమ్మగా మిగిలింది. పాపం ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సివచ్చింది. ఆ తర్వాత పరీక్ష చేయకుండా అతను ఎర్ర బటన్ నొక్కలేదు.

పనిచేసే చోట ప్రమాదాల పాలైనవాళ్ళ గోడు వినే మండలి అది. సభ్యులు ముగ్గురూ ముగ్గురి ఇళ్ళలో ఉంటారు. సాక్షులు ఎక్కడెక్కడినుంచో ఫోన్లలో వస్తారు. తెరనిండా ముఖాలు. అతనొక్కడే నల్ల చదరం. దాని మీద 'రికార్డింగ్' అని ఉంటుంది. ఆఫీసులో కూడా అదే అతని పేరైపోయింది.

"రికార్డింగ్ గారూ, ఈరోజే కదా ఆఖరు?" ఫైళ్ళు చూసే గుమాస్తామ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

తల ఊపాడు. యాభై ఆరేళ్ళ మనిషి. సన్నటి భుజాలు. మెడచుట్టూ మడతపెట్టిన రుమాలు. హెడ్‌సెట్ పట్టీ ఆనే చోట జుట్టు ఒక గీతలా అరిగిపోయింది. ఆరు నెలలుగా అతని గొంతులోంచి వచ్చేది మాట కాదు, కాగితం చింపిన చప్పుడు. రేపు ఉదయం ఏడింటికి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు.

పొద్దున భార్య కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే అంది.

"ముప్పై ఏళ్ళు మీ సణుగుడు వద్దన్నా విన్నాను. ఇప్పుడు కావాలంటే ఒక్క ముక్క లేదు. ఊరందరి గొంతులూ దాచిపెట్టారు కదా, మీదొకటి పట్టుకురండి. బాగున్నప్పటిది."

ఇంట్లో అప్పటికే వెతికారు. ఫోన్లలో పెళ్ళిళ్ళున్నాయి, పుట్టినరోజులున్నాయి. అన్నీ తీసింది అతనే. ఆడియో పాడవుతుందని, తీస్తున్నంతసేపూ ఊపిరి కూడా బిగబట్టేవాడు.

సాయంత్రం అయిదింటికి అతని పాస్‌వర్డ్ ఆగిపోతుంది. ఈలోగా దొరికితే దొరికినట్టు. లేకపోతే ఆ గొంతు ఇక లోకంలో ఎక్కడా లేనట్టే.

పదింటికి విచారణ మొదలైంది. మెట్ల మీంచి పడిన ఓ లోడింగ్ కూలీ భార్య మాట్లాడుతోంది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. "త్వరగా కానివ్వమ్మా!" అని అధ్యక్షుడు కసిరాడు. నల్ల చదరం వెనక అతని పెదాలు వాటంతటవే కదిలాయి. చెప్పమ్మా, భయం లేదు. అది అతని పాత అలవాటు. మీటింగులో మైకు మూసి ఉంటుంది, గదిలో ఎవరూ ఉండరు. అందుకని తొమ్మిదేళ్ళుగా తెర మీది ముఖాలతో మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళకు వినపడదని తెలుసు.

విచారణ ముగిశాక అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "రికార్డింగ్, ఇందాక నేను కసిరిన ముక్క ఉంది చూశావూ, అది తీసెయ్."

అతను టైపు చేశాడు: 'కత్తిరించకూడదండీ.'

"ఆఖరి రోజు కూడా మాట వినడయ్యా ఈయన!" అధ్యక్షుడు నవ్వేశాడు.

మధ్యాహ్నం రెండింటిదాకా పాత ఫైళ్ళు తెరిచి మూశాడు. వందలమంది గొంతులు. ఏడ్చినవాళ్ళు, అరిచినవాళ్ళు, అబద్ధమాడుతూ గుటకలు మింగినవాళ్ళు. అతనిది లేదు. ఉండదని ముందే తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన టెక్నీషియన్ ఆ రోజే ధైర్యం చెప్పాడు, "మీ దగ్గు కూడా ఇందులో వినపడదు సార్, నాది పూచీ" అని.

అప్పుడు గుమాస్తామ్మ మళ్ళీ వచ్చింది. "నిరుటి క్వారీ కేసు వకీలు గారికి కళ్ళు కనపడవట. బొమ్మతో ఆయనకేం పని, ఉత్త ఆడియో ఇవ్వమంటున్నారు. వెళ్ళేలోపు చేసి పెడతారా?"

ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ అడగలేదు. బొమ్మనుంచి శబ్దాన్ని విడదీయడానికి ఫైలును ఎడిటింగ్‌లో తెరిచాడు. శబ్దం గీతలా పరుచుకుంది. దాని కింద ఇంకో గీత ఉంది.

రెండో ట్రాక్. చాలాచోట్ల చదునుగా, అక్కడక్కడా చిన్న చిన్న గుట్టలు.

పై గీతను మూసి, కిందిదాన్ని నడిపించాడు. ఫ్యాను చప్పుడు. ఒక దగ్గు. తర్వాత ఎవరో అన్నారు: "చెప్పు పెద్దాయనా. ఎవరూ నిన్ను కొరుక్కు తినరు."

నిండుగా, కాస్త ముక్కుతో పలికే గొంతు. తనదే. మీటింగులోకి వెళ్ళని మాట ఈ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తూనే ఉంది. మామూలుగా వింటే మొదటి ట్రాక్ మాత్రమే మోగుతుంది, అంతే.

రెండు గీతలూ కలిపి నడిపించాడు. తెర మీద క్వారీ మేస్త్రీ నోరు తెరిచి, మూసి, తల దించుకున్నాడు. "చెప్పు పెద్దాయనా," అంది అతని గొంతు. మేస్త్రీ తలెత్తాడు. "చెప్తానయ్యా," అన్నాడు, సరిగ్గా ఆ మాట విన్నట్టే.

ఆ మేస్త్రీ పోయి అయిదు నెలలైంది.

అతను హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. వెంటనే ఓ భయం పట్టుకుంది. తొమ్మిదేళ్ళలో ఏమేం వాగాడో! హెడ్‌సెట్ మళ్ళీ తగిలించుకుని ఇంకో ఫైలు తెరిచాడు. "ఈయనకు ఆకలేసిందా, ఇక న్యాయం రేపే." అధ్యక్షుడి మీద. ఈ కాపీలన్నీ ఊరంతా వకీళ్ళ దగ్గరున్నాయి! చెవులు వేడెక్కాయి. నవ్వొచ్చింది కూడా. నవ్వితే గొంతు మండింది.

మూడున్నర. వకీలు గారికి ఇవ్వాల్సింది చేసి పెట్టి, తన పని మొదలుపెట్టాడు. పై గీత మండలిది, దాన్ని ముట్టుకోడు. కింది గీత తనది. గొంతు చెడకముందు, పద్నాలుగు నెలల వెనక్కి వెళ్ళాడు. ఓ మధ్యాహ్నం భోజన విరామంలో రికార్డింగ్ ఆపలేదు. గుట్టలు దగ్గరదగ్గరగా ఉన్నాయి.

"ఏమే, కత్తెర ఫ్రిజ్ మీదుంది. మీదంటే లోపల కాదే తల్లీ! ఆ... దొరికిందా? చెప్పానా? సరేలే, వచ్చేటప్పుడు తెల్లదారం తెస్తా."

ఇదే. భార్యకు కావలసింది అచ్చంగా ఇదే. మురిసిపోతూ ఇంకాస్త ముందుకు పోనిచ్చాడు. నాలుగు నిమిషాల ఫ్యాను చప్పుడు తర్వాత ఫోను మళ్ళీ మోగింది.

"చెప్పండి డాక్టర్ గారూ... గడ్డేనా? అనుకున్నాను... వెంటనే అంటే కుదరదండీ. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఇప్పుడీ మాట చెబితే ఇంట్లో ఆవిడ కూలబడిపోతుంది. ఓ మూడు నెలలు ఆగుదామా?"

తర్వాత పదకొండు సెకన్లు ఏమీ లేదు. డాక్టర్ అన్న ప్రతి మాటా అతనికి గుర్తుంది. ట్రాక్‌లో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. ఆ తర్వాత అతని గొంతు: "సరే. అలాగే."

మూడు నెలలు కాస్తా ఏడాది అయింది. గడ్డ సంగతి ఆరు వారాల క్రితమే బయటపడిందని ఇంట్లో చెప్పాడు.

కర్సర్‌ను రెండు ఫోన్ల మధ్యకు తెచ్చాడు. నిలువుగా సన్నటి గీత. ఒక్క నొక్కుతో మిగతాది పోతుంది. ఆమెకు కత్తెర మిగులుతుంది, దారం మిగులుతుంది. వేలు బటన్ మీదే ఉంది.

"ఇంకా కాలేదా? అయిదు కావస్తోంది," బయటినుంచి గుమాస్తామ్మ.

వేలు తీసేశాడు. ఆ గీతనంతా, ఉన్నది ఉన్నట్టుగా, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు.

"ఆ హెడ్‌సెట్ కూడా పట్టుకెళ్ళండి. మీ తలకు తప్ప ఎవరికీ సరిపోదది," అందామె. నవ్వుతూనే అంది గానీ కళ్ళు తుడుచుకుంది.

ఇంట్లో భార్య చేతిలో రెండూ పెట్టాడు. ఆమె ఇప్పుడే విననా అన్నట్టు చూసింది. వద్దని చెయ్యి ఊపి, కాగితం చింపిన చప్పుడుతో రెండే మాటలన్నాడు.

"నేను వచ్చాక."

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మూడోరోజు పొద్దున ఆమె ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేసరికి, మంచం మీద దుప్పటి మార్చేస్తున్నారు.

అతను పోయిన నెల తర్వాత ఓ మిట్టమధ్యాహ్నం ఆమె కుట్టుమిషన్ ఆపింది. కూతురి పాత లాప్‌టాప్ తెరిచి, హెడ్‌సెట్ పెట్టుకుంది. తలకు వదులుగా ఉంది. ఒక చేత్తో పట్టుకుని వింది. కత్తెర దగ్గర పకపకా నవ్వింది. నాలుగు నిమిషాల ఫ్యాను చప్పుడును కదలకుండా వింది. డాక్టర్ ఫోను అంతా వింది. లేచి మంచినీళ్ళు తాగొచ్చి, మళ్ళీ అక్కడినుంచే పెట్టింది.

"ఓ మూడు నెలలు ఆగుదామా?"

ఆమె నుదుటి మీదున్న మైకు కాడను నోటి దగ్గరికి లాక్కుంది.

"ఆగొద్దండీ. అమ్మాయిని నేను చూసుకుంటాను. రేపే వెళ్దాం."

ఫ్యాను తిరిగింది.

"సరే," అన్నాడు అతను. "అలాగే."

ఇప్పుడా హెడ్‌సెట్ కుట్టుమిషన్ పక్కన, కత్తెర మీద ఉంటుంది. దాని మైకు కాడ కిందికే వంగి ఉంటుంది.