నేల ఎరిగిన కాళ్లు

పొద్దున ఆరున్నరకల్లా కృపామణి ఆటస్థలంలో ఉండేది. గురజాలకు నాలుగు మైళ్లలో ఉన్న రాళ్లగుంటపాలెం మిషన్ బడిలో ఆమె డ్రిల్లు టీచరు. ఆమె అన్న జక్కయ్య అదే బడికి హెడ్మాస్టరు.

ఆటస్థలంలో సగం బడిది, సగం పంచాయతీ బోర్డు పోరంబోకు. పొద్దున బడికి, సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకు, ఆపైన ఊరివాళ్లకు అని ఒప్పందం. బావి, ప్రహరీ, బాడ్మింటన్ వలల ఖర్చు బోర్డుది. బడి దగ్గర డబ్బు లేదు కాబట్టి రాళ్లేరి నేల చదును చెయ్యడం బడి వంతు. పాలెం జనమంతా మూడు వేసవులు తట్టలతో రాళ్లు మోశారు.

అలా మోసినవాళ్ల కాళ్లకు ఆ నేల రోహిణీకార్తెలో కూడా తడి ఇసుకలా చల్లగా ఉండేది. మొయ్యనివాళ్లకు పెనంలా కాలేది. బోర్డు ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్య చెప్పుల్లేకుండా అటు వచ్చేవాడు కాదు. బొరుగులమ్మే మైమూనా పాలెం మనిషి కాకపోయినా నాలుగు తట్టలు మోసింది కనుక, మిట్టమధ్యాహ్నం కూడా గంప దించి కాళ్లు చాపుకుని కూర్చునేది. ఫలానా బావి నీళ్లు తియ్యగా ఉంటాయన్నట్టే జనం ఈ సంగతీ చెప్పుకునేవాళ్లు.

నలభయ్యారు మార్చిలో ఒక సాయంత్రం పిల్లలతో వెళ్లేసరికి గేటుకు తాళం ఉంది.

"ఇది బోర్డు క్లబ్బయిందమ్మా. మెంబర్లకే" అన్నాడు కాపలావాడు.

కృపామణి తిన్నగా లక్ష్మీనరసయ్య కొట్టుకు పోయింది. ఆయన కోపగించుకోలేదు. పెట్టెలోంచి కాగితం తీసి చూపించాడు. రాళ్లు ఏరించింది బోర్డేననీ, బడి తన వంతు చెయ్యలేదు గనక ఆ స్థలం మీద దానికి హక్కు లేదనీ ఉంది అందులో.

"నేను రాసింది కాదమ్మా. కింద ఎవరి సంతకముందో చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి జక్కయ్య అన్నం తింటున్నాడు.

"అన్నా, ఆ సంతకం నీదేనా?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "మా సుందరానికి బోర్డులో గుమాస్తా పని ఇస్తామన్నారే. బిడ్డ రెండేళ్లబట్టి ఖాళీగా కూర్చున్నాడు. నన్నేం జెయ్యమంటావు?"

"ఆ రాళ్లు మోసే గదా అమ్మ నడుం పోగొట్టుకుని మంచాన పడి ప్రాణం విడిచింది! అమ్మను గూడా బోర్డే మోయించిందని రాశావా?"

జక్కయ్య కంచం పక్కకు నెట్టాడు.

"ఇంకొకడైతే నోటికొచ్చినట్టు తిట్టి ఊరుకునేదాన్ని. నిన్నేమనాలో తెలీడం లేదు" అని ఆమె లోపలికి పోయింది. ఆ రోజునుంచీ అన్నతో మాట మానేసింది. మర్నాడే గుంటూరు కలెక్టరుకు అర్జీ పంపింది.

జక్కయ్య కూడా ఆ రోజునుంచీ బూట్లు తొడగడం మొదలెట్టాడు. అబద్ధం రాసినందుకు నేల తననూ కాలుస్తుందని భయపడుతున్నాడని ఊరంతటికీ తెలుసు.

మే నెలలో అర్జీ మీద విచారణకు ఆఫీసరు వచ్చాడు. పొద్దున పదింటికే మాడు పగిలే ఎండ. బావి దగ్గర బల్ల వేశారు. ఆఫీసరు కాగితం చదివి, "హెడ్మాస్టరుగారూ, ఇది నిజమేనా?" అన్నాడు.

"నిజమేనండి."

"బూట్లు విప్పి చెప్పమనండి" అంది కృపామణి.

ఆఫీసరు ఆశ్చర్యపోలేదు. "మా ఊళ్లో ఒక చెరువుకట్టకూ ఈ గుణముంది. విప్పండి మాస్టారూ" అన్నాడు.

జక్కయ్య వంగి తాళ్లు విప్పాడు. కృపామణి అతని కాళ్లవైపే చూసింది. రెండు నెలలుగా ఆమె కోరుకున్నది అదొక్కటే, అన్న గెంతులేస్తుంటే చూడాలని.

అతను కాలు మోపాడు. గెంతలేదు. రెండో కాలూ మోపి అలాగే నిలబడ్డాడు. తల్లీ తనూ చెరోవైపు పట్టుకుని నాపరాయి ఎత్తిన నాడు ఎంత చల్లగా ఉందో, నేల ఇప్పుడూ అంత చల్లగానే ఉంది.

కృపామణికి ఏడుపొచ్చింది. ఈ నేల కూడా తనను మోసం చేసిందనుకుంది.

"కాల్లేదు చూశారా! మాస్టారు చెప్పింది నిజమే" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"కాదండీ" అన్నాడు జక్కయ్య. ఆఫీసరు వైపు తిరిగి మళ్లీ అన్నాడు. "కాదండీ. నేను మోశాను గనకే కాల్లేదు. మా అమ్మ మోసింది, ఈ పాలెమంతా మోసింది. కొడుకు ఉద్యోగం కోసం నేను అబద్ధం రాశాను."

ఆఫీసరు కాగితాన్ని రద్దు చేశాడు. పాత ఒప్పందమే మళ్లీ నడిచింది. సుందరానికి ఇచ్చిన గుమాస్తా పని పోయింది. తప్పుడు సంతకానికి మిషన్‌వాళ్లు జక్కయ్యను హెడ్మాస్టరు పనిలోంచి తీసి, బెల్లంకొండ అవతల ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు.

జూన్‌లో అతను వెళ్లేరోజు కృపామణి ట్రంకుపెట్టె ఒకవైపు పట్టుకుని రోడ్డుదాకా వచ్చింది. బొగ్గుతో నడిచే బస్సు పొగ కక్కుతూ వచ్చి ఆగింది.

"ఉత్తరం రాయనా చెల్లే?" అన్నాడు.

"రాయి. చదువుతానో లేదో చెప్పలేను."

అతను తలూపి బస్సెక్కాడు. కృపామణి చెయ్యి ఊపలేదు. దుమ్ము అణిగిందాకా మాత్రం అక్కడే నిలబడింది.